ఎండిన ఈతకొలనులో ఆయాసం

చీకటి పడ్డాక ఆ పాత స్విమ్మింగ్ పూల్ వైపు మా పేటలో ఎవరూ వెళ్ళరు. వెళ్ళరంటే — వెళ్ళరు. దాని వెనక వీధిలోనే పని ఉన్నా సరే, లైబ్రరీ చుట్టూ తిరిగి, సగం ఊరు దాటి అటు నుంచి వస్తారు. "ఎందుకండీ అంత చుట్టు?" అని అడిగితే "ఒళ్ళు తగ్గడానికి" అంటారు. ఒళ్ళు తగ్గినవాళ్ళని మాత్రం నేనింతవరకూ చూడలేదు.

నగర పాలక సంస్థ వాళ్ళు ఎప్పుడో కట్టించిన పూల్ అది. అడుగు బీటలు వారి, నీళ్ళు నిలవక, మూసేసి చాలా ఏళ్ళయింది. ఇప్పుడక్కడ మిగిలింది చుట్టూ ఎత్తయిన గోడ, తుప్పు పట్టిన ఇనపగేటు, మధ్యలో నీలం పలకలు పరిచిన పెద్ద గొయ్యి. చుక్క నీరు లేదు. వాన కురిసినా ఆ బీటల్లోంచి ఎటో జారిపోతుంది.

అయినా సరే... రాత్రిపూట అందులో ఎవరో ఈదుతారని పేరు.

ఈదుతున్న చప్పుడు కాదు వినపడేది. ఈది ఈది, ఇక చేతకాక, గట్టు పట్టుకుని వేలాడేవాడి ఆయాసం. హా... హా... హా... హా... ఒకడిదైతే సరిపెట్టుకోవచ్చు. ఒకడు ఆగితే ఇంకొకడు అందుకుంటాడట. ఉన్నట్టుండి ఓ విజిల్ మోగుతుంది — సన్నగా, పొట్టిగా. అంతే. ఆయాసాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి.

ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దం ఉంది చూశారూ... అది భరించలేమంటారు విన్నవాళ్ళు.

ఒకప్పుడు అక్కడ ఈత నేర్పే కోచ్ ఒకడుండేవాడట. మహా కఠినుడట. పిల్లలు ఏడ్చినా నీళ్ళలోంచి బయటికి రానిచ్చేవాడు కాదట. పోయాడు గానీ విజిల్ వదల్లేదట. ఆ కోచ్ ఎవరు, ఎప్పుడు పోయాడు అని అడిగితే ఎవరికీ తెలీదు. "మాకు తెలిసినవాళ్ళకి తెలుసు" అంటారు.

ఇప్పుడు నేను చెప్పబోయేది మా వదినకి జరిగింది. ఆవిడ చెప్పగా విన్నదే. మధ్యమధ్యలో మా అన్నయ్య "నేనంత భయపడలేదు" అంటూ అడ్డం వచ్చాడు గానీ, ఆ ముక్కలు తీసేసి చెప్తున్నాను.

మా వదిన నగర పాలక సంస్థలో పార్కుల విభాగం ఇంజనీరు. మెత్తగా మాట్లాడుతుంది గానీ పట్టుకుంటే వదిలే మనిషి కాదు. ఊళ్ళో కుక్కలు పెంచేవాళ్ళు ఎక్కువైపోయారు, రోడ్ల మీద గొడవలు ఎక్కువైపోయాయి, అందుకని కుక్కలు తాడు లేకుండా తిరగడానికి ఒక పార్కు కట్టాలని కౌన్సిల్ తీర్మానించింది. ఎక్కడ కట్టాలో తేల్చే పని వదిన నెత్తిన పడింది.

నెత్తిన పడింది అన్నాను గానీ, నిజానికి అడిగి మరీ తీసుకుంది. కారణం మా నాన్న.

నాన్న బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఆయనకో కుక్క ఉంది. పేరు పిడుగు. ఆ పేరు పెట్టినప్పుడు నిజంగానే పిడుగు. పోయినేడు ఓ రోజు పొద్దున్నే ఇద్దరూ షికారుకి వెళ్ళారు. ఎవడో పక్కనే గట్టిగా హారన్ కొట్టాడు. పిడుగు ఎగిరి దూకింది. తాడు నాన్న మణికట్టుకి చుట్టుకుని ఉంది. ఆయన ఫుట్‌పాత్ అంచు మీద పడ్డాడు. తుంటి ఎముక విరిగింది.

ఆపరేషన్ బాగానే అయింది. రోజూ నడవాలన్నాడు డాక్టరు. కానీ పిడుగుని తీసుకుని రోడ్డు మీదికి వెళ్తానంటే మేం ఒప్పుకోం. పిడుగు లేకుండా వెళ్ళమంటే ఆయన ఒప్పుకోడు.

"కుక్క లేకుండా ఊరికే నడిచేదేంటి అమ్మాయ్, దారి తప్పినవాడిలా" అంటాడు వదినతో.

అలా ఇద్దరూ బాల్కనీలో చేరి, ఒకడు కుర్చీలో, ఒకటి కుర్చీ కింద, పొద్దస్తమానం రోడ్డు చూస్తూ కూర్చునేవాళ్ళు. నాన్న కాళ్ళు సన్నబడ్డాయి. పిడుగు పొట్ట లావెక్కింది. పైగా ఆ రోజు నుంచి అది పరిగెత్తడం మానేసింది. హాల్లో బంతి వేసినా బంతి వంక చూసి, నాన్న వంక చూసి, మళ్ళీ పడుకునేది. తప్పు చేసినదానిలా.

ఈ సంగతి వదిన ఆఫీసులో ఒక్కరికీ చెప్పలేదు. సొంత పని ఊరి పేరు చెప్పి చేయించుకుంటోంది అంటారని భయం.

సరే, చోటు వెతకడం మొదలుపెట్టింది. ఆస్పత్రి వెనక ఖాళీ స్థలం చూసింది. రోగులకి నిద్ర ఉండదన్నారు. ఫ్లైఓవర్ కింద చూసింది. అటూ ఇటూ వాహనాలు, ఒక్క కుక్క తప్పించుకుందా — అంతే సంగతులు. ఇంకా ఏ వీధికి వెళ్ళినా ఒకటే మాట: "కుక్కల పార్కా? చాలా మంచి ఆలోచనమ్మా. పక్క వీధిలో పెట్టండి." పక్క వీధివాళ్ళు దాని పక్క వీధి చూపించేవాళ్ళు. అలా తిరిగి తిరిగి వదిన ఊరి చివర నది ఒడ్డుకి చేరింది. అవతలి గట్టు వేరే ఊరిది.

కౌన్సిల్ సమావేశం దగ్గర పడుతోంది. ఈలోగా చోటు తేలకపోతే పార్కు మాట అటకెక్కినట్టే.

అప్పుడు తట్టింది వదినకి — స్విమ్మింగ్ పూల్.

నాలుగు వైపులా గోడ. ఒక్కటే గేటు. పక్కన ఇళ్ళు లేవు. మనదే స్థలం. ఇంకేం కావాలి?

పరిగెత్తుకుంటూ పై అధికారి గదికి వెళ్ళింది. ఆయన్ని ఆఫీసంతా చాటున ఇనుపసారు అంటారు. నిలువెత్తు మనిషి, మడత నలగని చొక్కా. ఆయన నవ్వగా చూసినవాళ్ళు ఆఫీసులో ఎవరూ లేరు. ఒకసారి నవ్వాడని పాత టైపిస్టు చెప్పేది గానీ, అది తుమ్ము అయ్యుండొచ్చని మిగతావాళ్ళ అనుమానం.

ఇనుపసారు మ్యాప్ వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

"అక్కడ వద్దు" అన్నాడు.

"ఎందుకు సార్?"

"ఆ చోటుకి మంచి పేరు లేదు."

వదిన తన చెవుల్ని తను నమ్మలేదు. వాన పడుతోందంటే కిటికీ తెరిచి చెయ్యి పెట్టి చూస్తేగానీ ఒప్పుకోని మనిషాయన.

"మీరు కూడా నమ్ముతారా సార్... అలాంటివి?"

"నా నమ్మకం సంగతి కాదమ్మా. జనం నమ్ముతారు." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆస్పత్రి వెనకది మళ్ళీ ఓసారి చూసి రండి."

వదిన ఆస్పత్రి వెనక్కి వెళ్ళలేదు. ఆ పేటవాళ్ళని లైబ్రరీ హాల్లో కూర్చోబెట్టి, పూల్ గురించి నేరుగా అడిగేసింది.

ముందు లేచింది మూలనున్న మందుల షాపాయన. మంచి మాటకారి.

"కుక్కలకి తెలిసిపోతాయమ్మా ఇలాంటివి" అన్నాడు గొంతు తగ్గించి. "మనిషి కంటికి కనపడనివి వాటి కంటికి కనపడతాయి. ఒక్క కుక్క... ఒక్కటంటే ఒక్కటి... ఆ గేటు దాటదు. కావాలంటే రాసిస్తాను."

వెనక వరసలోంచి ఒక నర్సు లేచింది. "నేను ఆస్పత్రి డ్యూటీ దిగి అటు నుంచే వస్తాను. గోడకి ఓ చోట పెచ్చు ఊడి సందుంది. ఒకసారి తొంగిచూశాను..."

"చూస్తే?"

"గోతి అడుగున కళ్ళు. పచ్చగా. ఒక జత కాదు."

ఆ మాటతో జనం ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు.

వదిన ఇంటికొచ్చి, ఆదివారం మధ్యాహ్నం పిడుగుని కార్లో ఎక్కించింది. కుక్కలకి తెలుస్తుందంటున్నారు కదా, కుక్కనే అడుగుదామని. అన్నయ్య డ్రైవింగ్. మా అన్నయ్య దెయ్యాల్ని నమ్మడు. నమ్మడు కాబట్టి అవెక్కడున్నాయో, ఏం చేస్తాయో అన్నీ తెలుసుకుని పెట్టుకున్నాడు.

ఎర్రటి ఎండ. పట్టపగలు. పిడుగు బద్ధకంగా కారు దిగింది. గేటు దాకా వచ్చింది.

ఆగిపోయింది.

ముక్కు గేటు కిందికి దూర్చింది. ఒళ్ళంతా సన్నగా వణుకుతోంది. తోక కర్రలా బిగుసుకుంది. గొంతులోంచి ఓ మూలుగు... అలాంటి మూలుగు ఇంతకు ముందెప్పుడూ వినలేదంది వదిన. అన్నయ్య తాడు పట్టి లాగాడు. కదల్లేదు. ఇద్దరూ కలిసి లాగారు. నాలుగు కాళ్ళూ నేలకి దిగేసినట్టు నిలబడి, లోపలికి — ఏమీ లేని ఆ ఖాళీలోకి — చూస్తూనే ఉంది.

"చూశావా?" అన్నాడు అన్నయ్య మెల్లిగా. "పసిగట్టేసింది. పద పోదాం."

వదిన మాత్రం గేటు వైపు చూస్తోంది. గేటంతా తుప్పు, గొలుసంతా తుప్పు. తాళం కప్ప మాత్రం నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది.

"ఏవండీ... దెయ్యాలు తాళం వేసుకుంటాయా?"

"జాగ్రత్త ఉన్నవైతే వేసుకుంటాయి" అన్నాడు అన్నయ్య. "ముందు కారెక్కు."

ఆ రాత్రి భోజనాలయ్యాక వదిన చెప్పులు వేసుకుంది. టార్చి తీసుకుంది. అన్నయ్య మొహం చూడాలి! ఒంటరిగా పంపితే పరువు పోతుంది, వెంట వెళ్తే ప్రాణం పోతుంది. ఎటు తూగాలో తెలియక తలుపు దగ్గర నిలబడిపోయాడు.

నాన్న కుర్చీలోంచి అన్నాడు: "పిడుగుని తీసుకెళ్ళండి. మీ ఇద్దరి మీదా నాకు నమ్మకం లేదు."

"మధ్యాహ్నం అది ఎంత హడలిపోయిందో మీకు తెలీదు మామయ్యా" అంది వదిన.

"అది హడలితే నా కాళ్ళ కిందికి వస్తుంది. ఇప్పుడు చూడు."

పిడుగు అప్పటికే తలుపు దగ్గర నిలబడి ఉంది.

వీధి దీపాలు లైబ్రరీ మలుపు దాకానే. ఆ తర్వాత చీకటి. దుకాణాల షట్టర్లు దించేశారు. దూరంగా ఎక్కడో ఒక కారు వెళ్ళిన చప్పుడు... అదీ పోయింది. గోడ పక్కగా నడుస్తుంటే తమ అడుగులే వెనక నుంచి ఎవరో వస్తున్నట్టు వినపడ్డాయంది వదిన. అన్నయ్య ఆవిడ కొంగు పట్టుకున్నాడు. ఆ సంగతి ఆయన ఒప్పుకోడు. కొంగు నలిగింది మాత్రం నేను చూశాను.

గేటు దగ్గరికొచ్చారు.

గొలుసు వేలాడుతోంది. తాళం లేదు. గేటు... మనిషి దూరేంత తెరిచి ఉంది.

"నేనిక్కడే ఉంటాను" అన్నాడు అన్నయ్య గుసగుసగా. "ఎవరైనా వస్తే చెప్తాను."

"ఎవరొస్తారు?"

"అదే... వస్తే."

వదిన పిడుగుతో లోపలికి అడుగుపెట్టింది. టార్చి వెయ్యలేదు. వేస్తే ఏం కనపడుతుందో అని. ముందు పొడి ఆకులు, తర్వాత పగిలిన పలకలు కాలికి తగిలాయి. పాత దుస్తుల గదుల తలుపు గాలికి కిర్రుమంది.

అప్పుడు వినపడింది.

హా... హా... హా... హా...

కింద నుంచి. నేల లోపల నుంచి.

వదిన కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఒకటి కాదు. ఇటొకటి, అటొకటి... అన్నీ కలిసి... దగ్గరికొస్తూ, దూరమవుతూ. గోతి గోడలకి తగిలి ఒక్కో ఆయాసం రెండుగా మూడుగా తిరిగొస్తోంది. మధ్యలో ఎవరో గుహలో దగ్గినట్టు — భౌ... మంటూ ఓ బొంగురు చప్పుడు.

వెంటనే విజిల్.

నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో పిడుగు ఒక్క గుంజు గుంజింది. తాడు వదిన చేతిలోంచి జారిపోయింది. చీకట్లో దాని గోళ్ళు పలకల మీద టకటక మన్నాయి... గట్టు దాకా వెళ్ళాయి... అంతే. ఇక వినపడలేదు.

"పిడుగూ!" అంది వదిన. "పిడుగూ... రారా..."

అప్పుడు ఆవిడకి దెయ్యం గుర్తుకు రాలేదట. బాల్కనీలో కుర్చీ గుర్తుకొచ్చిందట. మామయ్య కాళ్ళ దగ్గర ఆ కుక్క లేకుండా ఆ కుర్చీ. ఏ మొహం పెట్టుకుని ఇంటికెళ్ళాలి?

కొంగు నడుముకి దోపుకుంది. తడుముకుంటూ, లోతు తక్కువగా ఉన్న వైపు మెట్లు వెతుక్కుని, దిగడం మొదలుపెట్టింది. మెట్టు... ఇంకో మెట్టు... గోడ చల్లగా తగులుతోంది.

మబ్బు తొలగి సన్నటి వెన్నెల పడింది. కింద కళ్ళు వెలిగాయి.

పచ్చగా. జతలు జతలుగా. కొన్ని కిందికి, కొన్ని కాస్త ఎత్తున. అన్నీ ఆవిడ వైపే.

ఆ కళ్ళ మధ్యలోంచి తెల్లటి ఆకారం ఒకటి కదిలింది. మనిషంత ఉంది. కానీ మనిషిలా నిలబడి లేదు. చేతులూ కాళ్ళూ నేలకి ఆనించి... పాకుతోంది. తల అటూ ఇటూ విదిలిస్తోంది. గొంతులోంచి గుర్రుమంటోంది —

గుర్ర్‌ర్‌ర్...

వదిన వేలు దానంతట అదే టార్చి నొక్కేసింది.

తెల్లటి పైజామా. తెల్లటి బనీను. మెడలో విజిల్. పళ్ళ మధ్య పాత తువ్వాలు ముక్క. ఆ తువ్వాలు రెండో కొస, అరచేతంత బొచ్చుకుక్క ఒకటి నోట కరుచుకుని వెనక్కి లాగుతోంది.

ఆకారం తువ్వాలు ఉమ్మేసింది.

"లైటు ఆర్పండమ్మా" అంది. "కళ్ళకి కొడుతోంది."

రోజూ వినే గొంతే.

"సార్?" అంది వదిన.

ఇనుపసారు మోకాళ్ళ మీదే ఉండి, ఆఫీసులో కుర్చీ చూపించినట్టు చేత్తో మెట్టు చూపించాడు. "కూర్చోండి."

వదిన కూర్చుంది. టార్చి దించి, నెమ్మదిగా చుట్టూ తిప్పింది. గోడకి ఆనుకుని మందుల షాపాయన, చేతిలో రెండు తాళ్ళు. పై మెట్టు మీద యూనిఫాం విప్పకుండానే నర్సు, ఒళ్ళో మూడు కాళ్ళ కుక్క. ఆ చివర ఒళ్ళంతా పిండితో బేకరీ ఆయన. వాళ్ళ మధ్య పొడుగువీ పొట్టివీ కుక్కలన్నీ నాలుకలు బయటపెట్టి... హా... హా... హా...

"ఏమే!" గేటు దగ్గర నుంచి అన్నయ్య గొంతు సన్నగా వణుకుతూ వచ్చింది. "ఉన్నావా?"

"ఉన్నానండీ! లోపలికి రండి!"

"నువ్వే అంటున్నావా... నీచేత అనిపిస్తున్నారా?"

అది తేలేసరికి కొంతసేపు పట్టింది.

"ఇదేంటి సార్?" అంది వదిన చివరికి.

ఇనుపసారు పైజామా దులుపుకున్నాడు. "మా అపార్ట్‌మెంట్లో ఆవరణలోకి కుక్కల్ని దించకూడదని తీర్మానం ఉంది."

"ఎవరు చేశారు సార్ అంత దుర్మార్గపు తీర్మానం?"

"నేనే" అన్నాడు. "అప్పటికి మాకు కుక్క లేదు. తర్వాత మా అమ్మాయి దీన్ని తెచ్చి నా దగ్గర వదిలి వెళ్ళింది. మిగతావాళ్ళని ఏ మొహంతో అడగను? ఈ పూల్ తాళం నా దగ్గరే ఉంది. ఓ రాత్రి వచ్చాను. తర్వాత... ఒక్కొక్కరే కలిశారు."

"మరి కోచ్?"

"ఇక్కడ పార్కింగ్ కడతామని కొందరు కొలతలకొచ్చారు. వాళ్ళకి ఏదో ఒకటి చెప్పాలి కదా. నాకు తోచింది చెప్పాను." మందుల షాపు వైపు చూపించాడు. "మిగతా ప్రచారం ఈయనది."

మందుల షాపాయన వినయంగా తలవంచాడు. "దగ్గు మందుతో పాటు అందరికీ ఓ డోసు ఇచ్చానమ్మా. ఉచితంగానే."

"మొరిగితే విజిల్ వేస్తారు" అంది నర్సు. "విజిల్ తర్వాత కూడా మొరిగితే ఆ పూటకి ఇంటికే. అవి కూడా నేర్చేసుకున్నాయి. మీది కొత్త కదా, నేర్చుకుంటుంది."

అప్పుడు చూసింది వదిన. పిడుగు! గోతి ఆ చివర నుంచి ఈ చివరకి, ఏటవాలు మీద జారుతూ, చెవులు వెనక్కి వాల్చి, దుమ్ము రేగేలా పరిగెడుతోంది. వెనక ఓ గుంపు. ఏడాదిగా ఎక్కడ దాచుకుందో అంత పరుగు!

మధ్యాహ్నం గేటు దగ్గర అది వణికింది భయంతో కాదు. ఇన్ని కుక్కల వాసన ఒక్కసారిగా ముక్కుకి తగిలి, లోపలికి పోనివ్వండి మొర్రో అని ఏడ్చిందది.

వదినకి నవ్వొచ్చింది. ఆ వెనకే కోపం కూడా తన్నుకొచ్చింది.

"నన్ను నది ఒడ్డు దాకా తిప్పారు కద సార్! చోటు ఇక్కడ పెట్టుకుని!"

"ఇది పార్కయితే మేం రాలేం." ఆయన గొంతులో ఇనుము లేదు. "పార్కులన్నీ చీకటి పడగానే మూసెయ్యాలి. రూలు. ఈవిడ డ్యూటీ దిగేదే రాత్రి. ఈయన పిండి కలిపే పనికి వెళ్ళేది తెల్లారకముందు. పగలు తిరిగే తీరిక ఇక్కడెవరికీ లేదు."

"ఆ రూలు ఎవరిది సార్?"

ఇనుపసారు బొచ్చుకుక్క వంక చూశాడు. అదీ ఆయన వంక చూసింది.

"నాదే" అన్నాడు.

వదిన ఆఫీసులో ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పనిది అక్కడ చెప్పేసింది. నాన్న పడిపోవడం, బాల్కనీ, సన్నబడుతున్న కాళ్ళు. "మా మామయ్య రాత్రిపూట గోడలు తడుముకుంటూ ఈ మెట్లు దిగలేరు సార్. ఆయన పగలు రావాలి. ఇది అందరిదీ అయితేనే రాగలరు."

"తుంటి ఆపరేషన్ అయినాయన నడవకుండా కూర్చుంటే ఎలా?" అంది నర్సు కోప్పడుతున్నట్టు. "కూర్చున్నకొద్దీ కీళ్ళు బిగుసుకుపోతాయి."

"ఈ సంగతి ఆఫీసులో చెప్పలేదే?" అన్నాడు ఇనుపసారు.

"చెప్తే సొంత పని చేసుకుంటున్నానంటారు."

"అనేవాణ్ణే" అని ఒప్పుకున్నాడు. చేతిలోని తువ్వాలు ముక్క అటూ ఇటూ తిప్పాడు. "పార్కింగ్‌వాళ్ళు మళ్ళీ కదిలారు. ఈసారి దెయ్యానికి లొంగేలా లేరు. పగలే వచ్చి కొలుచుకుని పోతారు."

"అయితే దాచుకున్నా పోతుంది సార్. చెప్పుకుంటేనే ఉంటుంది."

ఇనుపసారు మెడలోని విజిల్ తీసి పైజామా జేబులో వేసుకున్నాడు.

కౌన్సిల్ సమావేశానికి మేమంతా వెళ్ళాం, నాన్న తప్ప. వదిన లేచి పూల్ గురించి చెప్పింది — గొయ్యి గొయ్యిగానే ఉంటుంది, మెట్ల పక్కన ఏటవాలు దారి వేస్తాం, పొట్టి దీపాలు పెడతాం, తెల్లారకముందే తెరిచి బాగా పొద్దుపోయాక మూస్తాం. వెనక పార్కింగ్‌వాళ్ళు గుసగుసలు పోయారు.

పెద్ద కౌన్సిలరు చెయ్యెత్తాడు. "చీకటి పడ్డాక పార్కు తెరవకూడదని మీ విభాగం రూలే కదా?"

"మార్చాను" అన్నాడు ఇనుపసారు.

"బాగుంది. మరి..." ఆ పెద్దమనిషి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు, "...అక్కడ ఏదో ఉందంటారు కదండీ. దాని సంగతేంటి?"

మందుల షాపాయన చూపులు నేలకి దించుకున్నాడు. ఇనుపసారు లేచి, మడత నలగని చొక్కా సర్దుకుని, ఎప్పటిలాగే నవ్వకుండా చెప్పాడు:

"దానితో మా ఇంజనీరుగారు స్వయంగా వెళ్ళి మాట్లాడారు. అభ్యంతరం లేదంది."

తీర్మానం నెగ్గింది. భయపడి ఓటేసినవాళ్ళు ఎందరో, నవ్వుకుని వేసినవాళ్ళు ఎందరో నేను చెప్పలేను.

గేటుకి రంగు పూసిన వారం, ఓ సాయంత్రం ఎండ వాలుతుండగా నాన్నని తీసుకెళ్ళాం. ఏటవాలు దారి మీద కర్ర ఆనించుకుంటూ, ఒక చెయ్యి వదిన భుజం మీద వేసి, తడబడుతూ దిగాడు. బస్సుని ఇరుకు సందులో తిప్పినంత జాగ్రత్తగా దిగాడు. అడుగుకి చేరాక ఓ క్షణం నిలబడి, చుట్టూ నీలం గోడలు చూశాడు.

వంగడం కష్టం ఆయనకి. అయినా మమ్మల్ని రానివ్వలేదు. తనే ఒంగి, పిడుగు మెడ దగ్గర కొక్కెం విప్పాడు.

పిడుగు కదల్లేదు. ఆ రాత్రి అంత పరుగు తీసింది, ఇప్పుడు నాన్న పాదాల మీద కూర్చుండిపోయింది. అటు కుక్కలన్నీ పిలుస్తున్నాయి. ఇది తలెత్తి ఆయన మొహంలోకి చూస్తోంది.

నాన్న కర్రని రెండు చేతులా పట్టుకుని, నిటారుగా నిలబడ్డాడు.

"పోరా" అన్నాడు. "నేను పడను."